కాలవ కట్టేసిన గీత

వైశాఖం. లాకులు దించేశారు.
బోడసకుర్రు దిగువన మురుగుకోడు
మోకాటి లోతుకి చిక్కిపోయింది.
కామాడి సూరన్న విసురువల దులిపితే
పదకొండు మట్టగిడసలు, ఒక కొర్రమీను,
ఎవరిదో రబ్బరు చెప్పు.

చెప్పు వయసు చెప్పొచ్చు, మడమ దగ్గర అరిగింది.
చేపకి మడమ లేదు.

నాది కాంట్రాక్టు ఉద్యోగం.
ఒక స్కేలు, పట్టకారు, కాగితం కవర్లు, పెన్సిలు.
మూతి నుంచి తోక చివరిదాకా కొలిచి రాస్తాను గానీ
పొడుగుని బట్టి వయసు చెప్పడమంటే
తల మీంచి చెయ్యి తిప్పి చెవి అందితే
ఐదేళ్లని బళ్లో వేసుకోవడమే.
రొయ్యల చెరువు మేత కారే తూము దగ్గర
ఏడాది పిల్ల కూడా మూడేళ్లదానిలా నిగనిగలాడుతుంది.

అందుకని పొలుసు.
పక్కరెక్క వెనక నాలుగు పీకి, చేపని వదిలేస్తాను.
గాజుపలకల మధ్య పెట్టి చూస్తే
తిన్న నెలల్లో గీతలు ఎడంగా,
పస్తున్న నెలల్లో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ.
కానీ నాలుగింట ఒకటి మళ్లీ మొలిచిన పొలుసు.
ఏ కొంగ పొడిచిందో, ఏ వల గీరిందో,
అంచుల్లో గీతలుంటాయి, నడుమంతా తెల్లకాగితం.
పాతది ఊడిన రోజే దానికి పుట్టినరోజు.

మిగిలింది చెవిరాయి.
దానికి మాత్రం చేప చావాలి.

గట్టు మీద పెసింగి కాసులమ్మ కత్తిపీట.
మా ఒప్పందం ఇదీ: తల నాకిస్తుంది,
నేను నూకగింజంత రాయి తీసుకుని
తల తిరిగిచ్చేస్తాను, పులుసుకి.
సారాదీపం మీద గోధుమరంగు తిరిగేదాకా కాల్చి
మధ్యకి విరిచి, గ్లిజరిన్ చుక్క వేస్తే
వెలుగు, చీకటి, వెలుగు, చీకటి.

పుస్తకాల్లో ఆ చీకటి గీతకి కారణం మంచు.
ఇక్కడ మంచెక్కడిది?
మా చేపలకి చలికాలం తెచ్చేది లస్కరు,
ఇనపచక్రం తిప్పి, బీడీ ఆర్పి, ఇంటికి పోతాడు.
గట్టు పనులని ఒక ఏడు రెండుసార్లు కట్టేశారు.
ఆ ఏడు బతికిన చేపకి వయసు ఒకటే, గీతలు రెండు.

నేను నాలుగు అంటాను.
కాకినాడలో సుభద్ర మేడం ఐదు అంటుంది.
సగటు రాసుకుంటాం, నాలుగున్నర.
ఆ నాలుగున్నరేళ్ల చేప
ఏ కోడులోనూ ఈదలేదు.

"మరి నాదెంతో సూడు," అంది కాసులమ్మ.
ఆధార్ కార్డులో ఆమె జనవరి ఒకటిన పుట్టింది,
ఆ ఇంట్లో అందరిలాగే.
పింఛనాఫీసులో రెండేళ్లు తక్కువన్నారంట.
"ఎనభై ఆరు వరదకి మా పెద్దోడికి పాలపళ్లు ఊడతన్నాయి.
గట్టు తెగిన రోజు ఒక పన్ను నా కొంగున కట్టుకునుంది.
అది రాసుకోరంట."
వేళ్లతో లెక్క పెట్టాను. అరవై దాటాయి.
"నా చెవిలోనూ రాయుంటదా?"
ఇసక రేణువుల్లాంటివి ఉంటాయన్నాను.
"తియ్యాలంటే తల కొయ్యాలిగా. ఒద్దులే,
ఆళ్ల లెక్కే ఉండనీ."

బూడిద అద్దిన ఆమె బొటనవేలి మీద
కత్తి గాట్లు, అడ్డంగా, కొన్ని దగ్గరగా.
లెక్కపెట్టబోయి చూపు తిప్పుకున్నాను.

అప్పుడే సూరన్న కేకేశాడు.
వలలో కుడి పొట్టరెక్క లేని మట్టగిడస.
పోయిన వైశాఖంలో నేనే కత్తిరించి వదిలింది.
దాని మొత్తం వయసు నాకు తెలీదు,
ఈ ఒక్క ఏడాదికి మాత్రం ఒట్టేసి చెప్పగలను.
పోయినేటికన్నా పదిహేను మిల్లీమీటర్లు పొడుగు.
చేతిలో జారుతూ కొట్టుకుంటోంది.

కాసులమ్మ చేప వంక చూడలేదు.
"పోయినేడు ఈ యేలికి ఉంగరం ఉండాల?" అంది.
వేలి చుట్టూ ఇంకా ఎండ తగలని తెల్లగీత.

చేపని నీళ్లలోకి వదిలి
కవరు మీద తేదీ రాశాను.